మెరిడియన్ రోడ్డు మీద పద్నాలుగు సార్లు

మెరిడియన్ శ్మశానానికి వెళ్ళే మట్టిరోడ్డుకు అడ్డంగా సోమవారం పొద్దున లైల్ నల్లటి రబ్బరు గొట్టం పరిచి మేకులు కొట్టాడు. దాని మీదుగా బండి పోయినప్పుడల్లా పక్కనున్న పెట్టెలో అంకె పెరుగుతుంది. వారంలో నలభై రాకపోతే రోడ్డు మూసేసి పక్క పొలాల్లో కలిపేయాలని కౌంటీ చైర్మన్ ప్రతిపాదన. ఆ రోడ్డు చివరనే నా భార్య ఓపల్‌ను పాతిపెట్టాం.

లైల్ కౌంటీ గ్రేడర్‌తో రోడ్లు చదును చేస్తాడు. ఒకప్పుడు నా చరిత్ర క్లాసులో వెనక బెంచీవాడు.

“మేష్టారూ, నేను చెప్పానని ఎవరితోనూ అనకండి. పికప్పు వేసుకుని అటు ఇరవై సార్లు, ఇటు ఇరవై సార్లు తిరగండి. గొట్టానికి మీ మొహం తెలుసా ఏంటి?”

“పరీక్షలు కూడా ఇలాగే రాశావు కదూ?”

“పాసయ్యానా లేదా?”

నవ్వొచ్చింది. కానీ ఆ పని చేయలేదు. మెరిడియన్ ఒకప్పుడు ఈ కౌంటీకి ముఖ్యపట్టణం. 1887లో ముఖ్యపట్టణం ఏదన్న ఎన్నికలో, పక్క ఊరు హోల్డన్ వాళ్ళు రైలు దిగిన ప్రతివాడి చేతా ఓటు వేయించి, కోర్టును తమ ఊరికి పట్టుకుపోయారు. మాకు శ్మశానం మిగిలింది. ముప్పై ఏళ్ళు నేను పిల్లలకు చెప్పిన పాఠం అది. రోజూలాగే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఒకసారి వెళ్ళాను, ఒకసారి తిరిగొచ్చాను. గురువారం వానకు చక్రాలు కూరుకుపోయినా మానలేదు.

మరుసటి మంగళవారం హోల్డన్ కోర్టు భవనంలో ముగ్గురు కౌంటీ కమిషనర్లు రోడ్డు సంగతి తేల్చడానికి కూర్చున్నారు. చైర్మన్ డ్వేన్ క్రోకర్, అతనూ నా శిష్యుడే, కాగితం చదివాడు.

“పద్నాలుగు.” కళ్ళజోడు తీశాడు. “మూడొందలు వస్తాయనుకున్నా మేష్టారూ. మీరు చక్కర్లు కొడతారని పందెం కూడా కాశా.”

“ఎవరితో?”

“మా అమ్మతో. ఆవిడే గెలిచింది.”

“రోజుకు రెండు, అన్నీ నిజమైనవే. మీ ఊరు గెలిచిన ఎన్నికలో నూటయాభై మంది జనానికి నాలుగొందల ఓట్లు పడ్డాయి. ఈ కౌంటీకి ఒక దొంగ లెక్క చాలు డ్వేన్. రెండోది నేను తేను. రోడ్డు మాత్రం ఉంచండి.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఓటింగులో ఇద్దరు నా వైపు, డ్వేన్ అటువైపు.

“సరే, మూయం,” అన్నాడు డ్వేన్. “కానీ ఇకమీదట కౌంటీ గ్రేడర్ అటు రాదు. గుంటలు పడితే మీ తిప్పలు మీవి.”

“పార ఉంది.”

“డెబ్బై మూడేళ్ళకా?”

“పారకు రెండేళ్ళేలే.”

తర్వాత వాన వెలిసిన ఆదివారం పికప్పులో పార వేసుకుని వెళ్ళాను. రోడ్డు అప్పటికే నున్నగా ఉంది. ఎదురుగా లైల్ సొంత ట్రాక్టర్ మీద వస్తున్నాడు. ఇక్కడ అందరూ అందరినీ పలకరించినట్టే, స్టీరింగ్ మీది నుంచి ఒక్క వేలు ఎత్తాడు. నేనూ ఎత్తాను.

తూము దగ్గర ఒక గుంట మాత్రం నా కోసం వదిలేశాడు. పార తీసుకుని దిగాను.