ఎవరో రాసిన ప్రోగ్రాం

సాయి ప్రియ బజ్జీల పిండి కలుపుతుంటే ముందు గదిలోంచి కంప్యూటర్ భాషల మీద జోకులు, నవ్వులు వినిపించాయి. భర్త జయకృష్ణ ఆఫీసు స్నేహితులు ఇద్దరు హైదరాబాదు నుంచి నరసరావుపేట వచ్చారు.

"జావా వాళ్ళకి ఒక లైను చాలదురా, పేజీ కావాలి" అన్నాడొకతను.

"అదే నయం. మా ఆవిడది విజువల్ బేసిక్! మ్యూజియంలో పెట్టాలి" అన్నాడు జయకృష్ణ.

వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వింది. పన్నెండేళ్ళ అలవాటు. పెళ్ళైన కొత్తలో "అదీ ఒక లాంగ్వేజేనా?" అన్నాడు. "వంటొచ్చుగా, ఇంక ఆ గోలెందుకే?" అంది అత్తగారు. అప్పటినుంచి ఎవరడిగినా "ఏదో టైపింగ్ చేసేదాన్నండీ" అని చెప్పి తప్పుకుంటోంది.

ఫోన్ మోగింది. చేతికి పిండి. మోచేత్తోనే స్పీకరు నొక్కింది. సత్తెనపల్లి కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు అబ్దుల్ మజీద్.

"అమ్మా, కొత్త కంప్యూటర్లో మన ప్రోగ్రాం తెరుచుకోవట్లా. ఎవరి మిర్చి బస్తాలు ఏ గదిలో ఉన్నయ్యో తెలీక రైతులు పొద్దుట్నించీ నిలబడున్నారు."

నీళ్ళ కోసం వచ్చిన స్నేహితుడు గుమ్మంలో ఆగాడు. "విజువల్ బేసిక్కా? ఇంకా నడుస్తోందా! ఎవరు రాశారండీ?"

"ఎవరో రాసిందండీ. నాకు తెలీదు" అనేసింది సాయి ప్రియ.

స్పీకర్లో అది మజీద్‌కీ వినపడింది. "సరేనమ్మా" అని పెట్టేశాడు.

ఆ "సరేనమ్మా" ఆమె చెవిలోనే ఉండిపోయింది. పెళ్ళికి ముందు రెండు నెలలు ఆ చలిగదుల్లో తన స్వెట్టరు ఆమెకిచ్చి, తను వణుకుతూ, బస్తాలు ఏ వరసలో పేర్చాలో, ఏవి ముందు తీయాలో చెప్పిన మనిషి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది. ఒక్క సీజను కూడా తప్పు చూపలేదది. ఇందాక తన పేరుతో పాటు ఆయన చలిని కూడా చెరిపేసింది. జయకృష్ణ ఎన్నిసార్లు నవ్వినా ఇంత చిన్నతనం అనిపించలేదు. ఈసారి ఆ మాట తన నోటితోనే అంది.

స్టవ్ కట్టేసి, చెయ్యి కడుక్కుని, ఫోను తీసుకుని ముందు గదిలోకొచ్చింది. మజీద్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"బాబాయ్, ఇందాక..."

"పర్లేదు తల్లీ. పక్కన ఎవరో ఉన్నారనుకున్నాలే."

జయకృష్ణ "బజ్జీలేవీ?" అన్నాడు.

"ఉన్నారు బాబాయ్. ఇప్పుడూ ఇక్కడే ఉన్నారు" అంది, భర్త కళ్ళల్లోకి చూస్తూ. "అది నేను రాసిందే. రైతుల్ని ఉండమను, బస్సెక్కుతున్నా."