పదహారు ఖాళీ పట్టికలు

పదో నంబరు కంప్యూటరు ఇవాళ కూడా మొదటి నొక్కుకి లేవలేదు. ఆమె వంగి వెనక తీగను పీకి, అరచేత్తో తుడిచి, మళ్ళీ గుచ్చింది. లోపలి పంకా ముసలి పిల్లిలా గురగురలాడి తిరగడం మొదలుపెట్టాక పదకొండో దాని దగ్గరికి నడిచింది. ఏడున్నరకు తలుపు తీయడం, పదహారింటినీ వరసగా లేపడం, మొండికేసిన దాని నంబరు గోడమీది కాగితంలో రాయడం, తెరల మీది వేలిముద్రలు తుడవడం. పంతొమ్మిదేళ్ళుగా ఆమెకు తెల్లవారడమంటే ఇదే.

సన్నటి మనిషి. నడిస్తే చప్పుడు వినపడదు. మెడ మాత్రం కాస్త ముందుకు వాలి ఉంటుంది; కూర్చున్నవాళ్ళ భుజాల మీదుగా తెరలు చూసీ చూసీ అలా నిలిచిపోయింది. ఈ శిక్షణ కేంద్రంలో చేరినప్పుడు ఆమె పని గది తుడవడం. చెత్తబుట్టలో పడేసిన కాగితాలు ఇంటికి పట్టుకుపోయి, వాటిమీద అచ్చయిన ప్రోగ్రాములు చదివేది. అర్థం కానిచోట గీత గీసుకుని, మర్నాడు పాఠం జరుగుతున్నంతసేపూ ఒకే కిటికీని పదిసార్లు తుడుస్తూ వినేది. నాలుగేళ్ళకు చేతిలో గుడ్డ పోయింది. ల్యాబ్ అసిస్టెంటు అన్నారు. టీచరని ఎవరూ అనలేదు. డిగ్రీ లేదు కదా. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు, తనకంటే పెద్దవాళ్ళు సహా, ల్యాబ్ అక్క అనేవారు.

అక్కడ నేర్పేది డేటాబేసుతో నడిచే వెబ్ అప్లికేషన్లు కట్టడం. సారు గంటసేపు బోర్డు ముందు మాట్లాడి తన గదిలోకి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మూడు గంటలు చేత్తో చేసి నేర్చుకోవాల్సిందే. ఆ మూడు గంటలూ ఆమెవి. ఎర్ర అక్షరాలు చూసి బిక్కచచ్చిపోయిన వాళ్ళ వెనక నిలబడి, "తప్పు చూపించింది, తిట్టలేదుగా. ఏమంటోందో చదువు," అనేది. డేటాబేసంటే ఏమిటని అడిగితే ఆమె చెప్పే మాట ఒక్కటే. "కౌంటరు దగ్గరికొచ్చిన మనిషికి కిటికీ కనపడుద్ది, లోపల బీరువా కనపడదు. మధ్యలో నడిచే మనిషి పనే నువ్వు రాస్తున్నది."

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు. ఆమె చేతిమీద కట్టినది ఏదీ ఈ గది దాటి బతకలేదు. బ్యాచి అయిపోగానే సర్వరు తుడిచేసి కొత్తవాళ్ళకు ఖాళీ చేస్తారు. ఇంట్లో మిషను కుట్టే చెల్లెలు ఒక్కతే ఆమెకు తోడు. పెళ్ళి అన్న మాట ఆ ఇంట్లో ఏ ఏడు ఆగిపోయిందో ఇద్దరికీ గుర్తులేదు. చెల్లెలు బట్టమీదనుంచి తలెత్తకుండానే అనేది, అందరూ ఎక్కే నిచ్చెనను కింద పట్టుకుని నిలబడటానికే నువ్వు పుట్టావే అని. ఆమె నవ్వేసి ఊరుకునేది.

ఇవాళ బ్యాచికి ఆఖరి రోజు. పదకొండింటికి బయటి కంపెనీనుంచి పరీక్షకుడు వచ్చి ఒక్కొక్కరి అప్లికేషనూ చూస్తాడు. నచ్చితే సర్టిఫికెట్టు, అదృష్టం ఉంటే ఉద్యోగం.

ఎనిమిదిన్నరకు అందరికంటే ముందు ప్రెస్సు బాబాయి వచ్చాడు. యాభై నాలుగేళ్ళు. ముప్పయ్యేళ్ళు పనిచేసిన అచ్చాఫీసు మూతపడితే ఇక్కడ చేరాడు. ఆ చేతులకు కీబోర్డు మొదట ఇరుకైపోయింది; రెండు వేళ్ళతో, కోడి గింజలు ఏరుకున్నట్టు కొట్టేవాడు. ఆయన కట్టింది రక్తం ఇచ్చేవాళ్ళ జాబితా. భార్యకు ఆపరేషనప్పుడు రక్తం కోసం రెండు రోజులు కాళ్ళరిగేలా తిరిగాడట. అందరూ ఉత్తుత్తి పేర్లు నింపి పని కానిచ్చేస్తుంటే, ఆయన సాయంత్రాలు వీధివీధీ తిరిగి, తలుపు కొట్టి అడిగి, రెండువందల పద్నాలుగు మంది నిజం మనుషుల వివరాలు పోగుచేశాడు.

కూర్చుని, ఒక రక్తం గ్రూపు కొట్టి, వెతుకు బటను నొక్కాడు. కాసేపు తెరనే చూశాడు. మళ్ళీ నొక్కాడు.

"అమ్మా, ఒక్కరూ లేరేంటి?"

ఆమె వచ్చి చూసింది. పట్టిక ఉంది, అందులో ఒక్క వరస కూడా లేదు. పక్క కంప్యూటరు చూసింది, దాని పక్కది చూసింది. పదహారూ అంతే. అప్పటికి మిగతావాళ్ళు కూడా వచ్చారు. ఒక అమ్మాయి చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది.

సంగతి ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కొత్త బ్యాచికి సర్వరు తుడిచే పని సారుది. నిన్న సాయంత్రం ఇంటి దగ్గరనుంచే తుడిచేశాడు, తారీఖు ఒకరోజు పొరబడి. ఆయన గదికి వెళ్ళి ఆ మాట చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ అంచున కూర్చుని, "మీరు ఏమన్నా చెయ్యగలరా?" అన్నాడు. ఇక్కడ చేరిన పదకొండేళ్ళలో ఆయన ఆమెను 'మీరు' అనడం అదే మొదలు.

చెయ్యగలదు. ల్యాబు మూలన గుడ్డ కప్పిన పాత కంప్యూటరు ఒకటి ఉంది. పాత ఇనుముకు పోవలసినదాన్ని ఆమె బాగుచేసి బతికించుకుంది. రోజూ సాయంత్రం అందరూ వెళ్ళాక, ఆనాటి పనంతా దానిలోకి నకలు తీసుకునేది. అది నిబంధనలకు విరుద్ధం. నేర్చుకునేవాళ్ళ పని సర్వరులో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. కానీ చాలా ఏళ్ళకిందట కరెంటు పోయి ఒక పిల్ల మూడు నెలల కష్టం ఎగిరిపోయింది. ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రంనుంచి ఆమె నకలు తీయడం మానలేదు.

గుడ్డ తీసి కూర్చుంది. ఒక్కొక్క పట్టికనూ వెనక్కి పోస్తూ పోయింది. మధ్యలో రెండుసార్లు ఎర్ర అక్షరాలు వచ్చాయి. చదువుకుని, సరిచేసి, సాగింది. వెనక పదహారుమంది నిలబడ్డారు. పంతొమ్మిదేళ్ళలో ఆమె కూర్చుని ఉండగా మిగతావాళ్ళు ఆమె భుజం మీదుగా చూడటం అదే మొదటిసారి. ఆమె మాత్రం అది గమనించలేదు. పదకొండుకు పది నిమిషాలుందనగా ప్రెస్సు బాబాయి పట్టికలో రెండువందల పద్నాలుగూ వచ్చి కూర్చున్నాయి.

పరీక్షకుడు వచ్చాడు. ఒక గ్రూపు కొట్టి చూస్తే పదకొండు పేర్లు ఫోను నంబర్లతో సహా బారులు తీరాయి. ఇవి నిజంగా ఉన్న మనుషులా అని అడిగి, అవునంటే, ఆ రెండు వేళ్ళ మనిషితో చెయ్యి కలిపాడు. పొద్దున జరిగింది ఎవరో నోరు జారి చెప్పారు. పరీక్షకుడు మెచ్చుకోలుగా సారు వైపు తిరిగితే, మా ల్యాబులో ఎప్పుడూ ఒక నకలు ఉంచుతామండీ, అది మా పద్ధతి అన్నాడు సారు. ఆమె గోడ దగ్గర నిలబడి ఆ మాట విన్నది. పక్కనే కేంద్రం మేనేజరు కూడా విన్నాడు.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. మంచిగానే మాట్లాడాడు. రెండువందల పైచిలుకు మనుషుల ఫోను నంబర్లు, రక్తం గ్రూపులు లెక్కలో లేని పాత డబ్బాలో ఎవరి అనుమతితో ఉన్నాయని అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికి ఏమీ లేదని ఆమెకూ తెలుసు. పొద్దున సారు అడిగితేనే వాటిని బయటికి తీశానని, సారునే అడగమని చెప్పింది.

"ఆయనే చెప్పాడమ్మా. ఆ నకళ్ళ సంగతి తనకు తెలియదని రాసి కూడా ఇచ్చాడు."

ఆమె బల్లమీది కాగితం వైపు చూసింది. ఏరు దాటేసిన తర్వాత తెప్పతో ఆయనకేం పని. మేనేజరు ఇంకా ఏదో చెబుతున్నాడు. వచ్చే నెలనుంచి పాఠాలు ఎలాగూ ఆన్‌లైనులో ఇళ్ళ దగ్గరే చూసుకుంటారట, ల్యాబు సగం తగ్గిస్తారట, ఆమెకు కూడా విశ్రాంతి కావాలట. పోయేముందు ఆ డబ్బా ఖాళీ చేసి, తాళాలు ఆఫీసులో ఇమ్మన్నాడు.

ఆమె వాదించలేదు. మూల కంప్యూటరు ముందు కూర్చుని అన్నీ తుడిచేయమని ఆదేశం ఇచ్చింది. నిశ్చయమేనా అని అడిగింది తెర. అవునని కొట్టింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ కొట్టింది.

అందరూ సర్టిఫికెట్లతో ఫొటోలు తీయించుకుని, సారుకు థాంక్సు చెప్పి వెళ్ళిపోయారు. ప్రెస్సు బాబాయి మిగిలాడు. తన అప్లికేషను తనకే ఇచ్చేశారని, ఏదో ఆసుపత్రివాళ్ళు వాడుకుంటామన్నారని చెప్పాడు. తర్వాత కాస్త తటపటాయించాడు.

"మా ప్రెస్సులో పుస్తకం చివరి పేజీలో అచ్చేసినవాళ్ళ పేరు వేసేవాళ్ళం. దీని అడుగున మీ పేరు వేద్దామని ఉందమ్మా. ల్యాబ్ అక్క అని కాదు, అసలు పేరు."

"అడుగున ఎవరు చదువుతారు బాబాయ్? లోపల వెయ్యండి. ఇచ్చేవాళ్ళలో."

ఆయన ముఖం వెలిగింది. కుర్చీ జరిపి ఆమెనే కూర్చోమన్నాడు. ఆమె పేరు కొట్టింది, వయసు కొట్టింది, గ్రూపు కొట్టింది. బరువు దగ్గర నలభై ఒకటి అని కొట్టి, చేర్చు బటను నొక్కింది.

ఎర్ర అక్షరాలు వచ్చాయి. నలభై అయిదు కిలోలకు తక్కువ ఉన్నవారిని చేర్చడం కుదరదు.

పోయిన వారం ఆ తనిఖీ రాయించింది ఆమే. ఎవరు పడితే వాళ్ళు లోపలికి వచ్చేయకూడదు బాబాయ్ అని, ఆయనచేత నాలుగుసార్లు చెరిపించి మరీ సరిగ్గా రాయించింది.

బాబాయి తెర దగ్గరగా వంగి, దాన్ని ఇప్పుడే తీసేస్తానని కంగారుగా కీబోర్డు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని ఆపింది.

"వద్దు. సరిగ్గా పనిచేస్తోంది," అంది. లేచి, కుర్చీని బల్ల కిందికి నెట్టింది.

ఆయనను సాగనంపి, పదహారింటినీ ఆపింది. తాళాలు ఆఫీసు బల్లమీద పెట్టింది. నడవలో సారు ఎదురయ్యాడు. ఫోను చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగాడు. అవతల ఎవరూ మాట్లాడుతున్నట్టు లేదు. మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి ఎండ ఇంకా చురచురలాడుతోంది. ఇంటికెళ్ళి చెల్లెలితో ఏం చెప్పాలా అనుకుంటూ బస్సు స్టాపు దాటిపోయి, మళ్ళీ వెనక్కి నడిచింది. బస్సు ఎక్కింది. ఆ కేంద్రానికి మరి రాలేదు.

సోమవారం కొత్తవాళ్ళు పదహారుమంది వచ్చి కూర్చున్నారు. పదో నంబరు లేవలేదు; ఎలా లేపాలో ఎవరికీ తెలియక ఒకతన్ని పక్క కుర్చీలో సర్దారు. ఏసీ చలికి వణుకుతున్న ఒక పిల్ల, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న బూడిదరంగు స్వెట్టరు చూసి ఎవరిదని అడిగింది. తొడుక్కోబోయి, మరీ చిన్నది కావడంతో తిరిగి అక్కడే తగిలించింది. ఎన్నో ఏళ్ళ వాడకంతో దాని చేతులు మోచేతుల దగ్గర వంగిపోయి ఉన్నాయి, ఎవరి భుజం మీదుగానో తెర వైపు చూపిస్తున్నట్టు.