మిర్టిల్ మీద తీర్పు

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లీడ్స్ ఊళ్లో ఆ సందులోని ఐదిళ్లవాళ్లు దేశం కోసం మహాత్యాగం చేశారు. రేషన్‌లో వారానికి మనిషికొకటి వచ్చే గుడ్డును వదులుకుని, తమ గుడ్ల కార్డులన్నీ హెట్టీ సగ్డెన్ పేర రాయించారు. బదులుగా సర్కారు ఆమె కోళ్లకు దాణా ఇస్తుంది, కోళ్లు వీళ్లకు గుడ్లు పెడతాయి. యుద్ధం సగం గెలిచేసినట్టే అనుకున్నారు.

ఆరు కోళ్లలో మచ్చల మిర్టిల్ అంటే హెట్టీకి ప్రాణం. మొగుడు నౌకాదళానికి వెళ్లేముందు కోటు జేబులో పెట్టుకుని తెచ్చిన పిల్ల అది. ఆమె బంగాళాదుంప తొక్కలు ఉడకబెడుతుంటే వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది.

అక్టోబరు నుంచి రోజూ ఒక గుడ్డు తక్కువ రావడం మొదలైంది. ఐదిళ్లలో గొణుగుడు లేచింది. విమానదాడుల వేళ సందుకు కాపలా కాసే వార్డెన్ పైబస్ గారు రంగంలోకి దిగారు. బాంబులు పడేటప్పుడు ఆయన ఎక్కడుండేవారో ఎవరికీ తెలియదు గానీ, దీపాలార్పాల్సిన రాత్రుల్లో ఎవరి కిటికీలో వెలుతురు కనిపించినా ముందు అక్కడుండేది ఆయనే. పొద్దున్నే గస్తీ ముగించుకుని, పాపం, కోళ్లగూడు కూడా ఆయనే చూసి వెళ్లేవారు.

"ఆ మచ్చలదే పనిదొంగ, హెట్టీ. దేశం దాణా మెక్కి ఊరికే కూర్చోవడం ద్రోహం కాదూ?"

"అది పెట్టడం మొదలెట్టిందే మొన్న వేసవిలో. ఇంకొక్క వారం ఆగండి, పైబస్ గారూ."

"అయితే మా కార్డులు మాకిచ్చెయ్."

కార్డులు పోతే దాణా పోతుంది, ఆరూ చస్తాయి. శనివారం హెట్టీ తన చేతులతోనే మిర్టిల్ మెడ విరిచింది. పొట్ట కోస్తే లోపల చిన్నా పెద్దా పచ్చసొనలు వరసగా ఉన్నాయి. చివరిదానికి పెంకు కూడా వచ్చేసింది, మర్నాడు పొద్దున పెట్టాల్సింది. హెట్టీ వంటింటి నేలమీద కూలబడి ఏడ్చింది.

ఆదివారం కూరలో తొడముక్క పైబస్ గారికే వెళ్లింది. భలే మెత్తగా ఉందని మెచ్చుకున్నారు కూడా.

సోమవారం సాయంత్రం హెట్టీ గూట్లో ఒక పింగాణీ గుడ్డు పెట్టింది, కోళ్లకు చోటు అలవాటు చేయడానికి పెట్టేది. మంగళవారం పొద్దున చూస్తే అది లేదు. ఆమె గుమ్మం కడుగుతూ కూర్చుంది.

మధ్యాహ్నానికి పైబస్ గారి భార్య నెల్లీ చెమటలు తుడుచుకుంటూ వచ్చింది.

"కోళ్లకేం పెడుతున్నావే తల్లీ? పొద్దున్నుంచీ గుడ్డు ఉడుకుతోంది, చెంచాతో కొడితే చెంచాకే సొట్ట పడింది!"

"ఏ గుడ్డు, నెల్లీ?"

"అదేనే, మా ఆయన గస్తీ తిరుగుతున్నందుకు నువ్విచ్చేది. అక్టోబరు నుంచి రోజూ తెస్తున్నారుగా. ఎంత మంచి మనసే నీది!"

నెల్లీ ముఖంలో కల్మషం లేదు. హెట్టీకి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది.

"ఇంకా ఉడకనీ," అంది. "నిన్నగాక మొన్న కూర తిన్నవాళ్లందరినీ సాయంత్రం మీ ఇంటికి తీసుకొస్తా. అది పింగాణీది. వాళ్ల ముందు మీ ఆయన్నే పగలగొట్టి తినమను."

నెల్లీ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"అయితే మనం తిన్న ఆ కోడి..." అంది మెల్లగా.

"మిర్టిల్," అంది హెట్టీ. "దానికో పేరుంది."