గీత కనబడటం లేదు

మత్సుయో అవ్వ చచ్చిపోయింది అనకండి. చంపారు అనండి. పొద్దుటి ఆరూ నలభై బండి కోసం నిలబడ్డ ముప్పై మంది చూస్తుండగా, బాహాటంగా చంపారు.

ఆ ఏడు ఎచిగొ కొండల్లో మంచు ఆగకుండా కురిసింది. కురినోకి స్టేషన్‌లో ప్లాట్‌ఫారమ్ మీద పడ్డ మంచును తొక్కీ తొక్కీ తొడలెత్తు గట్టు చేశారు. జనం రైలెక్కడం మానేసి చాలా రోజులైంది, రైల్లోకి దిగుతున్నారు. బడిపిల్లలు దూకుతున్నారు. ముసలివాళ్ళు మంచు మీద కూలబడి, తలుపు కమ్మీ పట్టుకుని, దేవుడా అనుకుంటూ జారుతున్నారు.

అవ్వ వీపున ఎప్పటిలాగే తట్ట ఉంది. తట్టనిండా ఊరేసిన ఆకుకూర, తోఫు ముక్కలు. నలభై ఏళ్ళుగా కింద పట్నంలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతోంది. పార పట్టుకుని అటుగా వచ్చిన షిగెనోను చూసి నవ్వింది.

"ఏమే షిగెనో, నీ మొగుడు ఉత్తరం రాశాడా? టోక్యోలో ఇంకోదాన్ని చూసుకున్నాడా?"

"ఆ పుణ్యం నువ్వే కట్టుకో అవ్వా. నువ్వే ఒకదాన్ని చూసిపెట్టు, నాకు వంట తప్పుతుంది" అంది షిగెనో.

ఆ ఊళ్ళో చలికాలం మగాళ్ళుండరు. కోతలవగానే టోక్యోకు కూలికి పోతారు. ఇంటి కప్పుల మీద మంచు దించేదీ, దారులు చేసేదీ, స్టేషన్‌లో పార పట్టేదీ అంతా ఆడాళ్ళే. షిగెనో ఆ స్టేషన్ జట్టులో ఒకతి.

బండి గంట మోగింది. అందరిలాగే అవ్వ కూడా రెండడుగులు ముందుకు వేసింది. ఆమె కింది మంచు చప్పుడు లేకుండా విరిగింది. అవ్వ, తట్ట, విరిగిన మంచు అన్నీ కలిసి పట్టాల మీద పడ్డాయి. తట్ట బరువుకు వెల్లకిలా పడి, లేవలేక కాళ్ళు కొట్టుకుంది. షిగెనో పార విసిరేసి, రెండు చేతులూ ఊపుతూ, గొంతు చించుకుని అరుస్తూ బండికి ఎదురు పరిగెత్తింది. డ్రైవరు బ్రేకు వేశాడు. మంచు మీద చక్రాలు పట్టవు కదా! రెండు పెట్టెలు అవ్వను దాటాక బండి ఆగింది.

మధ్యాహ్నానికల్లా రైలు కంపెనీ వాళ్ళు స్టేషన్ గోడకు కాగితం అంటించారు. "ప్రయాణికురాలు అజాగ్రత్తగా తెల్లగీత దాటినందువల్ల ప్రమాదం జరిగింది. అందరూ తెల్లగీతకు ఇవతలే నిలబడవలెను."

షిగెనో పక్కన నిలబడి చదివిన కికుయె జట్టులో అందరికంటే చిన్నది, కొత్త కోడలు. చదివి భగ్గుమంది. "ఏ గీత? ఎక్కడుందంట గీత? నేను పనిలో చేరి రెండు నెలలు. ఆ గీత మొహం ఇంతవరకూ చూళ్ళేదు!"

గీత ఎక్కడో షిగెనోకు తెలుసు. ఇది దాటి అంచుకు పోవద్దని ప్లాట్‌ఫారమ్ నేల మీద గీసింది, తొడలెత్తు మంచు కిందుంది. ఇంకొకటి కూడా ఆమెకు తెలుసు.

కిందటి ఏటి దాకా జట్టులో తొమ్మిది మంది. మంచును గడ్డలుగా కోసి, మోసి, వెనక వాగులో పారబోసేవాళ్ళు. గీత రోజూ కనబడేది. ఈ ఏడు కంపెనీ కూలిడబ్బు కోసేసరికి కాంట్రాక్టరు గొండాయిరా తొమ్మిది మందిని ముగ్గుర్ని చేశాడు. ముగ్గురు మోయలేమయ్యా అంటే, "ఎవడు మొయ్యమన్నాడు? మీ ఊళ్ళో దారులెట్లా చేస్తారు? తొక్కండి" అన్నాడు. ఊళ్ళో అంతే చేస్తారు. గడ్డి బుట్టలు కాళ్ళకు తొడుక్కుని, వరసగా నడిచి, పడ్డ మంచును అణగదొక్కుతారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేసిన పని, చేతగానిదేం కాదు. వీళ్ళు తొక్కారు. కానీ ఊరిదారికి రెండు పక్కలా నేలే. ప్లాట్‌ఫారమ్‌కు ఒక పక్క నేల లేదు. తొక్కిన కొద్దీ మంచు అంచు దాటి పట్టాల మీదికి చూరులా సాగింది. పొద్దున మొదటి బండి, ఆ ఆరూ నలభైదే, వచ్చి దాన్ని చెక్కేదాకా అది గాల్లోనే నిలబడి ఉంటుంది. చూసేవాళ్ళకు మాత్రం ప్లాట్‌ఫారమే. షిగెనో చెబితే గొండాయిరా వినిపించుకోలేదు.

అవ్వ నిలబడ్డ చోటును ఆ తెల్లవారుజామున తొక్కింది షిగెనో. తన కాళ్ళతో, నున్నగా, ముచ్చటగా తొక్కింది.

సాయంత్రం గొండాయిరా జట్టు గదిలోకి వచ్చాడు. టోపీ మీది మంచు దులుపుకుని, పొయ్యి దగ్గర కూర్చుని, మెల్లగా అన్నాడు. "ఆఫీసువాళ్ళు అడిగారు. ఈ పొద్దున అయిదున్నరకు గీత కనబడేలా తవ్వారని కాగితం ఇచ్చాను. మీ ముగ్గురి ముద్రలూ వేశాను. మీకు మాట రాకుండా చూశాను."

జట్టులో చేరినప్పుడే, సంతకానికి బదులు కొట్టే పేరు ముద్రలు కాంట్రాక్టరు చేతిలో పెట్టడం అక్కడ మామూలు. రోజూ హాజరు కాగితం మీద వేయించుకోవడం ఎవరికి తీరుబడి? పెట్టెలో పడి ఉంటాయి, ఆయనే వేసుకుంటాడు. అట్లా ఇచ్చేసి ముగ్గురూ తమ నోరు కూడా ఆ పెట్టెలోనే పెట్టారు.

"మేం తవ్వలేదు కదయ్యా" అంది ముసలి ఉమె. ముగ్గుర్లోకీ పెద్దది, మాట మెత్తన.

"తవ్వలేదా? అయితే ఏం చేశారు?"

"తొక్కాం. నువ్వు తొక్కమంటేనే."

"ఆ! తొక్కారు. మనిషి పడేటట్టు తొక్కారు. పోయి చెప్పుకోండి పోలీసులకు. తొక్కమన్న వాడి నోటికి సాక్ష్యం లేదు, తొక్కిన కాళ్ళు మీవి." షిగెనో వైపు తిరిగాడు. "ఆ మూల నీదే కదూ?"

షిగెనోకు మొదట సిగ్గేసింది, భయమేసింది, ఆ తర్వాత కోపం వచ్చింది. అవ్వ తప్పని రాస్తే తాను బతుకుతుంది. తన తప్పని చెబితే అవ్వ పరువు నిలుస్తుంది. ఈ రెండు దారులూ వేసినవాడు పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు!

"నా ముద్ర ఇటు పడెయ్" అంది.

"ఇస్తే రేపటి నుంచి పనికి రావద్దు మరి."

"పడెయ్యవయ్యా!"

మర్నాడు ఆదివారం. ఊరి సమావేశం గదిలో కాలు పెట్టడానికి సందు లేదు. బడిపిల్లలు కిటికీలెక్కి కూర్చున్నారు. అవ్వ కూతురు రిత్సు ముందు వరసలో ఏడుపు ఆపుకుని బండరాయిలా కూర్చుంది. ఆరూ నలభై బండి గార్డు మొరొహాషి యూనియన్ మనిషి, ముప్పై ఏళ్ళవాడు. అతను లేవగానే గోల మొదలైంది.

"నువ్వేం మొహం పెట్టుకుని వచ్చావయ్యా? రోజూ వేలు చూపించి 'గీత కనబడుతోంది' అని కేక పెట్టి తలుపు తీసేది నువ్వు కాదూ?"

"నేనే" అన్నాడు మొరొహాషి. "బండి ఆగగానే దిగి, వేలు చూపించి, కంటితో చూసి, నోటితో పైకి అని, అప్పుడు తలుపు తీయాలి. రూలు అది. కనబడకపోతే తీయకూడదు. అదీ రూలే. రెండు నెలలుగా కనబడని గీతను వేలు పెట్టి చూపించి, కనబడుతోందని అరిచాను. లేటైతే మెమో ఇస్తారని అరిచాను."

"థూ" అన్నారెవరో. అతను తల దించుకున్నాడు గానీ కూర్చోలేదు.

అప్పుడు షిగెనో లేచింది. "రిత్సూ, మీ అమ్మ గీత దాటలేదు. అక్కడ గీతే లేదు, నేలే లేదు. ఆ మంచు నేను తొక్కాను. నేనే."

రిత్సు లేచి వచ్చి షిగెనో కోటు కాలరు రెండు చేతులా పట్టుకుంది. కొడుతుందనుకున్నారు. షిగెనో కూడా కొట్టనీ అనుకుంది.

"ఎవరు తొక్కమన్నారు?" అంది రిత్సు.

"గొండాయిరా."

"వాణ్ణి ఎవరు అనమన్నారు?"

కిటికీ మీది ఒక పిల్ల అంది: "తొమ్మిది మందిని ముగ్గుర్ని చేసినవాళ్ళు."

రిత్సు కాలరు వదిలింది. వెనక్కి తిరిగి గదినంతా చూసింది. "మా అమ్మ పోయింది. మీ అమ్మలు ఇంకా బండెక్కుతున్నారు. రేపు ఏం చేద్దాం?"

ఇక వాదన. పట్టాల మీద కూర్చుందాం అన్నారు కొందరు. మంచులోనా, చస్తాం అన్నారు కొందరు. పైవాళ్ళకు అర్జీ పెడదామన్న పెద్దమనిషిని పిల్లలు ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. చివరకు ఉమె మెత్తగా అంది. "ఏమయ్యా గార్డూ, రూలు పుస్తకంలో ఉన్నట్టే చేస్తే ఏమవుద్ది?"

మొరొహాషి తలెత్తాడు. "బండి కదలదు అవ్వా" అన్నాడు.

సోమవారం ఆరూ నలభై బండి వచ్చింది. ముప్పై మంది రావాల్సిన చోట మూడు వందల మంది ఉన్నారు. గోడవైపు ఒత్తుకుని నిలబడ్డారు, అంచు దగ్గరికి ఒక్కరూ పోలేదు. మొరొహాషి దిగాడు. తెల్ల చేతి తొడుగు వేలు చాపాడు. చూశాడు.

"గీత కనబడటం లేదు!"

తలుపులు తీయలేదు. లోపలి పిల్లలు కిటికీలు దించి, వేళ్ళు బయటికి చాపి అరిచారు. "కనబడటం లేదు!" బయట మూడు వందల వేళ్ళు లేచాయి. "కనబడటం లేదు!"

ఏడున్నరైంది. వెనక బండి పై స్టేషన్‌లో ఆగిపోయింది, ఎదురు బండి కింది స్టేషన్‌లో ఆగిపోయింది. లైనంతా బిగుసుకుపోయింది. కంపెనీ ఆఫీసరు కుజిమె జీపులో వచ్చి పడ్డాడు, వెనకే గొండాయిరా.

"బండి ఎంత లేటో తెలుసా మీకు?" అని గుడ్లురిమాడు కుజిమె.

"మత్సుయో అవ్వ కంటే లేటా?" అంది నిన్నటి కిటికీ పిల్ల.

కుజిమె మొహం మాడిపోయింది. జట్టు వైపు తిరిగాడు. "తవ్వండి! చూస్తారేం?"

"నన్ను రావద్దన్నాడు మీ కాంట్రాక్టరు" అంది షిగెనో. "ఇద్దరున్నారు. ఇది తొమ్మిది మంది పని. ఇంకో ఏడుగుర్ని తెండి."

"ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణించి తెచ్చేది?"

"ఆఫీసులో ఖాళీగా ఉన్నారు కదా బాబూ" అంది ఉమె, అంతే మెత్తగా.

జనం విరగబడి నవ్వారు. కానీ వేరే దారి లేకపోయింది. తోలు బూట్ల గుమాస్తాలు వచ్చారు, గొండాయిరా పార పట్టాడు, కుజిమె కోటు విప్పాడు. ఉమె, కికుయె పక్కన నిలబడి ఎక్కడ కోయాలో, ఎటు పారబోయాలో చెప్పారు. ఒకడు జారి పడితే బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. పదకొండయ్యేసరికి నేల తగిలింది. నల్లటి నేల, దాని మీద తెల్లగీత.

ఎవరూ నవ్వలేదు అప్పుడు. తాము రోజూ నిలబడే చోటుకు గీత ఇంత లోపల ఉంటుందని ఎవరూ అనుకోలేదు. నాలుగడుగులు లోపలుంది. రెండు నెలలుగా, పిల్లల్ని చంకనేసుకుని, మూటలు మోసుకుని, ఊరు ఊరంతా గాలి మీద నిలబడింది. ఒక తల్లి గీతను చూసి, తన పిల్లను చూసి, భోరుమంది. రిత్సు వంగి ఆ గీతను చేత్తో తడిమింది. "ఇదేనా మా అమ్మ దాటింది?" అని కుజిమెను అడిగింది. వాడు అటు తిరిగి కోటు తొడుక్కున్నాడు.

మొరొహాషి గీత వైపు వేలు చాపాడు. "కనబడుతోంది" అన్నాడు. బండి కదిలింది.

కంపెనీ ఊరుకుంటుందా? మంగళవారం మొరొహాషిని పనిలోంచి ఆపేశారు. బుధవారం పొద్దున, నిర్లక్ష్యంగా మంచు తొక్కి మనిషి ప్రాణం తీసిందని గొండాయిరా ఫిర్యాదు రాసిచ్చాడు. పోలీసులు షిగెనోను ఇంటినుంచి పట్టుకుపోయారు.

ఠాణా చిన్నది. ఒక బల్ల, ఒక బెంచీ, ఒక కిరసనాయిల్ పొయ్యి. పోలీసాయన ఆ ఊరి అల్లుడే, మొహమాటపడుతూ కలం తీశాడు.

"తొక్కావా షిగెనో?"

"తొక్కాను."

"అంచు బయటికి సాగిందని తెలుసా?"

"తెలుసు. కాంట్రాక్టరుకూ చెప్పాను. అదీ రాయి."

"నువ్వు చేసింది మాత్రమే రాయమన్నారు." అతను తల ఎత్తలేదు. "చూడు, కేసు నీ ఒక్కదాని మీదే. ఎవరి పేరూ తేకపోతే తక్కువలో పోతుంది. ఎందుకొచ్చిన గొడవ?"

షిగెనోకు ఇల్లు గుర్తొచ్చింది. కప్పు మీద మంచు రెండు రోజులుగా దించలేదు. దింపేవాళ్ళెవరు? జైలుకు పోతే మొగుడికి ఉత్తరం ఎవరు రాస్తారు? ఒప్పుకుని ముద్ర కొడితే సాయంత్రానికి ఇంట్లో ఉంటుందేమో. గొండాయిరా దగ్గర వెనక్కి తెచ్చుకున్న ముద్ర జేబులో వేళ్ళకు తగులుతోంది.

తలుపు తెరుచుకుంది. కాళ్ళకు గడ్డి బుట్టలు, తలకు గుడ్డ, ఒళ్ళంతా మంచుతో ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. షిగెనో ఆమెను ఎన్నడూ చూడలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు పోలీసాయన.

"మినెబుకురో స్టేషన్ జట్టు. మాదీ ఇదే కాంట్రాక్టరు. మా అంచు మూరెడు బయటికుంది. నేనే తొక్కా. రాసుకో."

"మీ స్టేషన్‌లో ఎవరైనా పోయారా?"

"ఇంకా పోలేదు."

"మరి ఎవరూ చావకుండా ఏమని రాయను తల్లీ?"

"చచ్చాకే రాస్తావా?" అంది ఆమె. "చచ్చాక రాస్తే ఏమైందో చూస్తున్నావు కదా, దీన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టావు. బతికుండగానే రాయి. తారీకు వెయ్యి. తొక్కమన్న వాడి పేరు రాయి, ముగ్గుర్ని చేసిన కంపెనీ పేరు రాయి. రేపు మా స్టేషన్‌లో ఎవరైనా పడితే, తెలీదని ఒక్కడూ అనకూడదు."

ఆమె వెనక ఇంకొకతి వచ్చింది. ఆ వెనక ఇంకొకతి. లైనులో ఏడు స్టేషన్లు, షిగెనోను పట్టుకుపోయిన కబురు బండి వెంటే అన్నింటికీ పోయింది. బండెక్కి కొందరు, నడిచి కొందరు వచ్చారు. తలుపు మూసుకునే వీల్లేక మంచు లోపలికి కొడుతోంది, పొయ్యి మంట ఊగుతోంది.

షిగెనో తన ఎదుటి కాగితాన్ని చేత్తో పక్కకు నెట్టింది.

"ఆ కాగితం చాలదులే. కొత్తది తీయి" అంది. బెంచీ మీద జరిగి, మినెబుకురో ఆమెకు చోటిచ్చింది. "కూర్చో అక్కా, చలి పట్టుంటుంది. పొయ్యి ఇటు జరుపు బాబూ. బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు."