ముద్దకో మాట

"పుట్ ఔట్ ది ల్యాంప్" అంది సుందరి.

లీలావతి చటుక్కున లేచి, వెలుగుతున్న లాంతరును పట్టుకెళ్ళి వరండాలో పెట్టి వచ్చింది. అసలే యుద్ధం రోజులు, కిరసనాయిలు చుక్క దొరకడం గగనం. పాఠం కోసమని వెలిగించిన లాంతరు బయట పట్టపగలు ఎండలో దర్జాగా వెలుగుతోంది.

"ఆర్పమన్నానే తల్లీ!"

"పుట్ అంటే పెట్టు, ఔట్ అంటే బయట. మీరేగా చెప్పారు టీచరమ్మా?"

సుందరి తనే వెళ్ళి లాంతరు ఆర్పి వచ్చింది. పిల్ల తప్పేముంది? ఇంగ్లీషువాళ్ళు ఆ చిన్న మాట చేత ఎన్ని వేషాలు వేయించారని! ఆన్ తగిలిస్తే బట్ట తొడుక్కోవడం, ఆఫ్ తగిలిస్తే పని వాయిదా వెయ్యడం. ఊసరవెల్లి నయం. అర్థాలన్నీ పలకల మీద రాయించి వల్లె వేయించింది. పొద్దున వచ్చినవి మధ్యాహ్నానికి కలగాపులగమయ్యేవి.

సత్తెనపల్లి దగ్గరి ఆ మిషను ఆడపిల్లల బడిలో సుందరిది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. శుక్రవారం బడి నడిపే దొరసాని వచ్చి పాఠం చూస్తుంది. నచ్చితే టీచరు, నచ్చకపోతే మళ్ళీ అమ్మ వెంట మిరపకాయల కోతకే. కష్టానికి భయపడే మనిషి కాదు. కానీ పిల్లలు "టీచరమ్మా" అన్నప్పుడల్లా ఆమె ఒళ్ళు పులకరించేది. ఆ పిలుపు వదులుకోవడం ఆమె వల్ల కాదు.

ఆ మధ్యాహ్నం వంట చేసే గ్రేసమ్మ జొన్నన్నంలో గోంగూర పచ్చడి కలిపి, బేసిను ముందు పెట్టుకుని కూర్చుంది. పిల్లలు చుట్టూ మూగారు. బోర్డింగులో అది పాత ఆనవాయితీ: బైబిలు వాక్యం ఒకటి ఒప్పజెబితేనే చేతిలో ముద్ద. తడుముకున్న పిల్ల ఒక్కతీ లేదు. తన పాఠానికి నోరు విప్పని పిల్లలు వీళ్ళేనా అని సుందరి తెల్లబోయింది.

"అత్తా, ఈ నాలుగు రోజులు వాక్యం బదులు నా ఇంగ్లీషు చెప్పించవా?"

"వాక్యం లేకుండా ముద్దేందే? దేవుడు ఊరుకుంటాడా?"

"దేవుడికి ఇంగ్లీషు రాదా ఏంది?"

గ్రేసమ్మకు నవ్వాగలేదు. "సరే పో. పొద్దున ఆయనకి, మధ్యాహ్నం నీకు."

ఇక చూడాలి సందడి! ఏ మాట చెబితే ఆ పని చేసి చూపించాలని సుందరి షరతు పెట్టింది. ఒకతి గ్రేసమ్మ దుప్పటి కప్పుకుని 'పుట్ ఆన్' అంది. ఇంకొకతి 'పుట్ ఔట్' అంటూ పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించింది. "ఒసేయ్, పప్పు ఉడకలేదే!" అని గ్రేసమ్మ గరిటెతో వెంటపడింది. కారం నషాళానికి అంటుతున్నా పిల్లలు ఒక్క మాటా పొల్లు పోనివ్వలేదు.

శుక్రవారం దొరసాని వచ్చింది. ఆవిడ నల్ల గొడుగు చూడగానే పిల్లల నోళ్ళకు తాళాలు పడ్డాయి. సుందరి ఎంత బతిమాలినా ఒక్కతీ పెదవి కదపలేదు. ఇంతలో భోజనం గంట మోగింది. గ్రేసమ్మ బేసినుతో వచ్చి కూర్చోగానే చేతులు ముందుకొచ్చాయి, వాటి వెనకే మాటలూ వచ్చాయి. దొరసాని ఒక్కొక్క మాటకీ తలూపుతోంది. హుషారెక్కువైన లీలావతి సొంతంగా ఒకటి కట్టింది.

"ది హెన్ పుట్ ఏన్ ఎగ్!"

దొరసాని పకపకా నవ్వింది. అయిపోయింది, మిరపచేనే గతి అనుకుంది సుందరి.

"గుడ్డుకు మేము ఆ మాట వాడము" అంది దొరసాని తెలుగులో. "కాని ఈ దేశం వచ్చిన కొత్తలో నేను, కోడి గుడ్డును పడుకోబెట్టింది అన్నాను. మా భాషలో గుడ్డుకు 'లెయిడ్' అంటాము, పడుకోబెట్టింది అనే అర్థం మరి. సంత అంతా నవ్వింది."

పిల్లలు విరగబడి నవ్వారు. దొరసాని వాళ్ళ మధ్య చాప మీద కూర్చుని చెయ్యి చాచింది. గ్రేసమ్మ మాత్రం కదల్లేదు.

"ఇక్కడ ఎవరికైనా ఒకటే లెక్క దొరసానమ్మా. మాట చెబితేనే ముద్ద. మీరు తెలుగులో చెప్పండి."

దొరసాని గోంగూర వంక చూసింది. సుందరి వంక చూసింది.

"సుందరిని మా బడిలో టీచరుగా పెట్టుకున్నాము."

సుందరికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. "తప్పు లేదు" అంది గ్రేసమ్మ. దొరసాని చేతిలో పెట్టిన ముద్ద మామూలు ముద్దకు రెండింతలుంది.