పెద్దాయన పక్క

ఆ మేడలో నాకు తెలియని గది లేదు. నగరం నడిబొడ్డున దాన్ని లేపిన పెద్దాయన పోయి ఎన్నేళ్ళయిందో గానీ, ఆయన పడగ్గది మాత్రం ఇంకా ఆయనదే. రోజూ దుప్పటి మార్చాలి, దిండుకి ఆయన ఫోటో ఆనించాలి. అది ఆ ఇంటి ఆచారం. అత్తగారు చేసింది, ఇప్పుడు కోడలు చేస్తోంది. మొహమైనా చూడని మనిషికి జీవితమంతా పక్క వేయడం!

ఆ మధ్యాహ్నం ఆవిడ దుప్పటి పరుస్తుంటే, మొగుడు చుట్టాలని వెంటేసుకొచ్చాడు, ఇంటి చరిత్ర చెబుతూ.

"ఇది తాతగారి గది. పక్కది నాన్నగారి ఆఫీసు. పైన లైబ్రరీ నేను కట్టించాను."

వాళ్ళలో ఒక ముసలావిడ నోరు ఊరుకోదు. "మరి నీ గదేదే అమ్మాయ్?"

కోడలి చేతిలో దిండు ఆగిపోయింది. మొగుడు నవ్వాడు. "దానికి గదెందుకు పిన్నీ, ఇల్లంతా దానిదేగా!"

అందరూ కిందికి దిగారు. ఇల్లంతా తనదే, నిజమే మరి. పిల్లలకి జ్వరమొస్తే వాళ్ళ మంచం పక్కన, మామగారు మంచాన పడితే ఆయన గుమ్మంలో, చుట్టాలొస్తే వంటింట్లో చాప మీద. చీరలొక గదిలో, కళ్ళజోడొక గదిలో, నిద్ర ఏ గదిలోనూ లేదు. "ఇంట్లోనేగా ఉంటావు, అలసట దేనికే?" అనేది అత్తగారు. కిటికీ తెరలు మెల్లగా ఊపిరి తీస్తున్నాయి. తెల్లటి పక్క మీద ఎండ మీగడలా కట్టింది. ఆవిడ కూర్చుంది. "కాస్త జరగండి తాతగారూ" అంది. ఆయన జరిగాడు. ఆవిడ నడుం వాల్చింది. మేడ తాడు తెగిన పడవలా కదిలింది. ఆఫీసూ లైబ్రరీ ఒడ్డున చిన్నవైపోయి, కనిపించకుండా పోయాయి.

మొగుడు గుమ్మంలోకొచ్చాడు. "కాఫీలేవీ? అయ్యయ్యో, అది తాతగారి పక్క! లే!"

ఆవిడ కళ్ళు తెరవలేదు. "ఇక నుంచి నాది. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి."

నాకు తెలియని గది లేదన్నాను కదూ? గేటు లోపల కాలు పెడితే ఒట్టు! ఆ నోరూరుకోని పిన్ని మా ఆవిడే. ఆవిడ లోపలుంటే నేను బయట కార్లో కునుకు తీస్తున్నాను. కోడలు ఇప్పటికీ ఆ గదిలోనే పడుకుంటోందట, గడియ వేసుకుని. అన్నీ కోడలు చెబితే మా ఆవిడ నాకు చెప్పినవే. పెద్దాయన జరిగాడన్నది ఒక్కటే నా కల్పన. ఆ వంశంలో మగాడు, చచ్చినా సరే, అడిగితే జరుగుతాడా? కోడలే తోసేసింది.