మా వైపు సమస్య లేదు

ఇంట్లో "వదినా, ఇంకాస్త కూర వెయ్యి" అనే మరిది, ఆఫీసు గుమ్మం తొక్కగానే "మేడమ్" అనేవాడు. నెట్‌వర్క్ విభాగానికి అధికారి అయ్యాక అంటుకున్న జబ్బు అది. వదిన అదే ఆఫీసులో వంతెనల లెక్కలు చూసే ఇంజనీరు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె లెక్క తేలింది. నది మీది పాత వంతెనకి మరమ్మతులైతే చేశారు గానీ, మధ్య స్తంభం దగ్గర ఊగాల్సినదానికంటే ఎక్కువే ఊగుతోంది. మర్నాడు పొద్దున్నే దాన్ని తెరుస్తున్నారు. ముందు వెళ్ళే బళ్ళలో ఆమె కూతురి స్కూలు వ్యాన్ ఒకటి. వంతెనల శాఖకి ఆఫీసు ఫోన్‌లోంచి చేస్తే, "సాయంత్రంలోగా ఫలితాల ఫైలు మా క్లౌడ్‌లోకి రావాలండీ. నోటిమాట మీద వంతెన ఆపలేం," అన్నారు.

లెక్కల సాఫ్ట్‌వేర్‌లో 'పంపు' నొక్కింది. అది గిరగిరా తిరిగి తిరిగి, కనెక్షన్ దొరకలేదంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే పాట.

మరిదిని పిలిస్తే వచ్చి, బ్రౌజర్‌లో క్లౌడ్ పేజీ తెరిచి చూపించాడు. "వచ్చింది కదా మేడమ్. మా వైపు సమస్య లేదు."

ఏ రోగానికైనా అతని పరీక్ష అదొక్కటే. కడుపునొప్పంటే నాలుక చూసి పంపేసే డాక్టరే నయం.

అసలు సంగతి ఆమెకి తెలుసు. ఆఫీసులోంచి ఏది బయటికెళ్ళాలన్నా ప్రాక్సీ అనే కాపలాదారుకి చెప్పే వెళ్ళాలి. ఆ కాపలాదారు ఎక్కడుంటాడో బ్రౌజర్‌కి చెప్పిపెట్టారు, లెక్కల సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ చెప్పలేదు. అది పాపం తిన్నగా వెళ్ళి గోడకి తల కొట్టుకుని వస్తోంది. బ్రౌజర్‌లోంచే పంపుదామంటే అంత పెద్ద ఫైలు సగంలో ఆగిపోతోంది. పెన్‌డ్రైవ్‌లు నిషేధం, ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

"ప్రాక్సీ చిరునామా, పాస్‌వర్డ్ ఇందులో కొట్టు. అంతే," అంది.

"అది సెక్యూరిటీ మేడమ్. కంప్లయింట్ టికెట్ పెట్టండి, వారంలో చూస్తాం."

"రేపు వంతెన తెరుస్తారు!"

"అది మా విభాగం కాదు మేడమ్."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. టికెట్ పెట్టి, కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"సరే బాబూ. పాపని రోజూ వ్యాన్ ఎక్కించేది నువ్వేగా. రేపు దాన్ని నేను ఇంట్లో ఉంచేసుకుంటాను. వ్యాన్‌లో మిగతా పిల్లలుంటారు, పాపేదీ బాబాయ్ అని నిన్నే అడుగుతారు. ఏం చెప్తావో చెప్పుకో."

అతను అటూ ఇటూ చూసి, ఆమెని లేవమని సైగ చేసి, తనే కూర్చుని టకటకా కొట్టాడు. ఫైలు కదిలింది. పొద్దు వాలేసరికి మొత్తం చేరింది.

"ఎవరికీ చెప్పకు వదినా," అన్నాడు. ఆఫీసులో ఆ పిలుపు వినడం ఆమెకి అదే మొదలు.

మర్నాడు వంతెన తెరవలేదు. ఆఫీసంతా చుట్టుదారిన పడి ఆలస్యంగా వచ్చి, దాన్ని ఆపించిన మహానుభావుడెవరో గానీ అంటూ శాపనార్థాలు పెట్టింది. పిల్లలందరూ స్కూలుకి చేరారని కబురొచ్చాకే ఆమె మెయిల్ తెరిచింది.

అనుమతి లేకుండా లెక్కల సాఫ్ట్‌వేర్‌కి ప్రాక్సీ వాడినందుకు సంజాయిషీ ఇవ్వమని నోటీసు. కింద మరిది సంతకం.

అద్దాల గదిలోంచి అతను తల పైకెత్తడం లేదు. ఆమెకి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఒక్క ముక్క రాసి పంపింది: "పరిశీలించాం. మా వైపు సమస్య లేదు."